పాత ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ మాడ్యూల్స్ ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టొచ్చా? రేపే అడ్వాన్స్ ఇవ్వమంటున్నాడు

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి కొర్లగుంట. ఇన్వర్టర్‌కి ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ నాలుగేళ్లకే పోయింది. నువ్వు నీళ్లు పోయకే పోయిందని మా ఆవిడ, అసలు ఆ బ్యాటరీయే మంచిది కాదని నేను, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. ఇంట్లో కూర్చుని పని చేసే ఉద్యోగం నాది, మీటింగ్ మధ్యలో కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని గాలి కోసం మెట్ల మీద కూర్చోవాల్సి వస్తా ఉంది.

విషయం ఏందంటే, మా ఫ్రెండుకి తెలిసిన ఒకాయన చెన్నై నుంచి పాత ఎలక్ట్రిక్ కార్ల సామాన్లు తెచ్చి ఇక్కడ ఒక షెడ్డులో అమ్ముతున్నాడు. ఆయన దగ్గర 12 బ్యాటరీ మాడ్యూల్స్ ఉన్నాయి. నాలుగు సెల్స్ పక్కపక్కన నిలబెట్టి రెండు వైపులా అల్యూమినియం ప్లేట్లతో బిగించినట్టు ఉంది, రెండు చివర్లా బోల్టులు. ఒక్కోటి 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటున్నాడు. విడిగా అయితే ఒక్కోటి 9 వేలు, మొత్తం 12 తీసుకుంటే 7 వేల లెక్కన ఇస్తాడట. నా ముందే ఒకదానికి కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి చూపించాడు, కళ్లు చెదిరేలా వెలిగింది. మీటరు పెడితే 13.1 చూపించింది.

12 తీసుకుంటే 15 యూనిట్లు ఇంట్లో నిల్వ ఉన్నట్టే కదా? రెండు నేను వాడుకుని మిగతావి ఫ్రెండ్స్‌కి అమ్మేయొచ్చు, లేదంటే ముందు ముందు సోలార్ పెట్టుకున్నప్పుడు పనికొస్తాయి అని నా ఆశ. ఇన్వర్టర్ మామూలుదే, 900 వీఏ, 12 వోల్టులది. నేరుగా పాత బ్యాటరీ తీసి ఇది తగిలించొచ్చా? రేపు సాయంత్రానికి అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు, అందుకే టెన్షన్.

మల్టీమీటర్ మామ:

రేపు డబ్బులు ఇవ్వొద్దు తమ్ముడూ. ఎల్లుండి కూడా ఇవ్వొద్దు. "వేరేవాళ్లు" అనేవాళ్లు పాత సామాన్ల షాపుల్లో ఎప్పుడూ రేపు సాయంత్రమే వస్తుంటారు.

బల్బు వెలిగిందన్నావు. ఆ బల్బు 55 వాట్లు, నాలుగున్నర ఆంపియర్లు కూడా లాగదు. 100 ఏహెచ్ సెల్‌లో పదో వంతు ప్రాణం మిగిలినా అది రెండు గంటలు ధగధగా వెలుగుతుంది. 13.1 వోల్టులు కూడా నీకు చెప్పేదేమీ లేదు. 12.8 అంటున్నాడు కాబట్టి అది ఎల్ఎఫ్‌పీ అయ్యుండాలి, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, సెల్‌కు 3.2 చొప్పున నాలుగు. ఈ సెల్స్‌తో చిక్కేమిటంటే ఛార్జ్ 20 శాతం ఉన్నా 90 శాతం ఉన్నా వోల్టేజీ కాస్త అటూ ఇటుగా ఒకేచోట కూర్చుని ఉంటుంది. దాన్ని బట్టి ఎంత ఛార్జ్ ఉందో చెప్పడమే కష్టం, ఇక ఎంత కెపాసిటీ మిగిలిందో చెప్పడం అయ్యే పని కాదు.

నువ్వు ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది కారులోంచి ఎందుకు బయటికొచ్చింది? మన దగ్గర ఎక్కువ మంది కొన్న ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ, అది వచ్చింది 2020 జనవరిలో. దాని బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు. అంటే మొట్టమొదట అమ్ముడైన బండ్లకు కూడా 2028 దాకా వారంటీ ఉంది, కిలోమీటర్లు దాటకపోతే. వారంటీలో పాడైన బ్యాటరీని కంపెనీ తీసుకుంటుంది కానీ షెడ్డుకి ఎందుకు పంపిస్తుంది? కాబట్టి "వాడి వాడి కాస్త అరిగిన మంచి బ్యాటరీలు" బయట కుప్పలుగా దొరికే రోజు మనకింకా రాలేదు. ఇప్పుడు షెడ్లలోకి వచ్చేవి ఎక్కువగా గుద్దుకున్న బండ్లవి, నీళ్లలో మునిగిన బండ్లవి, ట్యాక్సీగా తిరిగి కిలోమీటర్లు అయిపోయినవి. మూడో రకం ఫర్వాలేదు, అరిగిందని తెలిసే కొంటాం. మొదటి రకంలో దెబ్బ తగలని వైపు మాడ్యూల్ దొరికితే లాటరీ తగిలినట్టే, కొత్తదానిలా ఉంటుంది. రెండోది మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి చెన్నైలో కార్లు ఎలా తేలాయో టీవీలో చూశాం కదా. అన్ని బండ్లలోనూ బ్యాటరీలోకి నీళ్లు పోతాయని కాదు, ప్యాక్‌కి సీలు ఉంటుంది. కానీ పోయిందో లేదో అమ్మేవాడు నీకు చెప్పడు.

వెళ్లేటప్పుడు ఒక అడుగు స్టీలు స్కేలు, మల్టీమీటరు, ఫోన్ టార్చి తీసుకెళ్లు. స్కేలుని సెల్ పక్కకు ఆనించి వెనక నుంచి టార్చి వెయ్యి. చదునుగా ఉంటే స్కేలు నిండుగా ఆనుతుంది, ఉబ్బితే నడిమిలో ఆని రెండు చివర్లా వెలుతురు కనపడుతుంది. బొజ్జ ఉన్నదాన్ని పక్కన పెట్టేయ్. తర్వాత సెల్స్‌ని కలిపే పట్టీల అంచులు, సెల్ వోల్టేజీ చూసే సన్నటి సెన్స్ వైర్ల సాకెట్లు చూడు. అక్కడ తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే నీళ్లు తగిలినట్టే, పక్కన ప్లాస్టిక్ మీద గీత గీసినట్టు మట్టి మరక ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. మల్టీమీటరు ఒక పుల్ల మాడ్యూల్ ప్లస్ మీద, ఇంకోటి బయటి అల్యూమినియం ప్లేటు మీద పెట్టు, గీకి పెట్టు, పైన పూత ఉంటుంది. అంకె కాస్త ఎగిరి జారిపోతే మామూలే. మూడో ఆరో వోల్టుల దగ్గర నిలబడిపోతే లోపల ఇన్సులేషన్ పోయింది, నమస్కారం పెట్టి వచ్చెయ్. చివరగా నాలుగు సెల్స్ విడివిడిగా కొలువు. ఏదైనా 2 వోల్టుల కిందికి దిగి ఉంటే, ఛార్జ్ పెడితే లేస్తుందని ఆయన ఎంత చెప్పినా వినకు. మరీ కిందికి దిగిన సెల్‌లో రాగి రేకు కరిగే ప్రమాదం ఉంది, అది మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చెయ్యొచ్చు. లేస్తుంది, నిజమే. లేచాక ఏం చేస్తుందో మనకి తెలియదు.

ఇంకోటి, ఆయన దగ్గర విప్పని పూర్తి ప్యాక్ ఉండి "రా అన్నా ఒక చెయ్యి వెయ్యి" అంటే వెయ్యకు. మాడ్యూల్ 13 వోల్టులు, ముట్టుకున్నా ఏం కాదు. ప్యాక్ 300 పైనే, అదీ డీసీ. ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం.

పాకాల తోట:

మామ చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం కూడా చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపికుంటే చదువు.

మాది పాకాల పక్కన మామిడి తోట, తోటలో షెడ్డు, నాలుగు ఆవులు. రాత్రిళ్లు షెడ్డులో లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక కెమెరా నడవడానికి రెండు సోలార్ ప్యానెళ్లు పెట్టి, బ్యాటరీ కోసం నీలాగే తిరిగి చివరికి చెన్నైలో ఒకతని దగ్గర మూడు మాడ్యూల్స్ కొన్నా. నీకు చెప్తున్న రకమే, నాలుగు సెల్స్‌వి. మూడూ ఒకే బండివన్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే రెండింటి మీద ఉన్న స్టిక్కరు వరస ఒకటి, మూడోదానిది వేరే.

కెపాసిటీ చూడ్డానికి నేను చేసింది చాలా మోటు పద్ధతి. మాడ్యూల్‌ని నిండుగా ఛార్జ్ చేసి, నాలుగు హెడ్‌లైట్ బల్బులు ఒక చెక్కకి మేకులతో బిగించి, మధ్యలో ఆంపియర్లు లెక్కపెట్టే షంట్ మీటరు పెట్టి వదిలేశా. నాలుగు బల్బులకి 18 ఆంపియర్లు, అంటే నిజంగా 100 ఏహెచ్ ఉంటే ఐదున్నర గంటలు వెలగాలి. సెల్స్‌లో ఏ ఒక్కటి 2.5కి దిగినా ఆపెయ్యాలి, అందుకే మొదటిసారి బీఎమ్‌ఎస్ (ఒక్కో సెల్‌ని విడిగా కాపలా కాసి కట్ చేసే సర్క్యూట్) లేకుండా చెయ్యొద్దు, చేసినా పక్కనే కూర్చోవాలి. నేను కూర్చున్నా, ఆ బల్బుల వేడికి పురుగులన్నీ నా మీదే. మొదటిది 83 ఏహెచ్ ఇచ్చింది. రెండోది 79. మూడోది 41 దగ్గర ఠక్కుమని ఆగిపోయింది. చూస్తే మూడు సెల్స్ 3.2 మీద హాయిగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం 2.5కి పడిపోయింది. నలుగురు కలిసి నడిచేటప్పుడు కుంటేవాడిని బట్టే నడక. సెల్స్ పట్టీలు బోల్టులవి కాదు, లేజర్‌తో వెల్డ్ చేసినవి, ఆ ఒక్కదాన్ని తీసి మార్చడం నావల్ల కాలేదు. అతనికి ఫోన్ చేస్తే "పాత సామానుకి గ్యారంటీ ఎక్కడన్నా ఉంటుందా సార్" అన్నాడు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. మూడింటికి డబ్బిచ్చి రెండు వాడుకుంటున్నా, అది నా అసలు ధర. అదే నీ లెక్కలో కూడా వేసుకో.

ఇక అసలు భయపడింది ఎప్పుడంటే, బోల్టు బిగించేటప్పుడు. చేతిలో 13 నంబరు పానా, చెమటకి జారి పక్క మాడ్యూల్ ప్లస్ మీదా దీని మైనస్ మీదా సరిగ్గా అడ్డంగా పడింది. తుపాకీ పేలినట్టు ఒక శబ్దం, తెల్లటి మెరుపు, అంతే. పానా ఎగిరి గడ్డివాము పక్కన పడింది. తీసి చూస్తే దాని నోటి దగ్గర ఒక పక్క మైనం కరిగినట్టు కరిగి ముద్ద కట్టుంది. ఐదు నిమిషాలు నాకు చెవులు వినపడలేదు. 13 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటాం. షాక్ కొట్టదు నిజమే, కానీ ఈ సెల్స్‌కి లోపలి నిరోధం మిల్లీ ఓముల్లో ఉంటుంది, అడ్డంగా ఇనుము పడితే వేల ఆంపియర్లు పారుతుంది. ఆ రోజు నుంచి నా పానాలన్నిటికీ పిడి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టా. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, చేతికున్న రాగి కడియం తీసి లోపల దేవుడి పటం దగ్గర పెట్టి వస్తా. నువ్వూ తీసెయ్.

ఫోను లోంచే:

12 కొంటే 7 వేలు అంటున్నాడు కదా, దాని అర్థం చెప్పనా. 9 వేలకి ఏరుకోనిస్తాడు, 7 వేలకి ఏరుకోనివ్వడు.

కొర్లగుంట కుర్రోడు:

బాబోయ్. అడ్వాన్స్ ఇవ్వలేదు, రెండు రోజులు ఆగమని చెప్పా, ఆగుతానన్నాడు (వేరేవాళ్లు ఏమయ్యారో మరి). పాకాల అన్నా, ఆ పానా సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, ఇక వంటింటి పక్కన పెడతానంటే ఒప్పుకోదు.

12 ఆలోచన వదిలేశా. ఒకటి లేదా రెండు చాలు. నా లోడ్ ఇది: నాలుగు ఫ్యాన్లు, మామూలు పాత ఫ్యాన్లే, నాలుగైదు లైట్లు, వైఫై, ల్యాప్‌టాప్. టీవీ ఎప్పుడన్నా. ఫ్రిజ్ వద్దు. రెండు గంటలు వస్తే చాలు. బీఎమ్‌ఎస్ అనేది విడిగా కొనాలా? ఇన్వర్టర్‌లో ఉండే కటాఫ్ చాలదా? ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "ఏ బ్యాటరీ అయినా బ్యాటరీయే, తగిలించేద్దాం" అన్నాడు.

ఫార్మేషన్ సెక్షన్:

ఆ ఎలక్ట్రీషియన్‌ని దూరంగా పెట్టండి.

నేను చాలా ఏళ్లు లెడ్ యాసిడ్ బ్యాటరీలు తయారయ్యే చోట పని చేసి బయటికొచ్చినవాణ్ణి, బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి పక్కనే ఉన్న మన ఊళ్లో ఇది పెద్ద విశేషం కాదులెండి, ఇక్కడ వీధికి ఇద్దరుంటారు. లెడ్ బ్యాటరీకి ఓపిక ఎక్కువ. ఎక్కువ ఛార్జ్ పెడితే నీళ్లు ఉడికిపోతాయి, వాసన వస్తుంది, మళ్లీ నీళ్లు పోస్తే సర్దుకుంటుంది. ఒక సెల్ వెనకబడితే కాస్త ఎక్కువసేపు ఛార్జ్ పెట్టి దాన్ని పైకి లాగుతాం. లిథియంలో ఆ వెసులుబాటు లేదు. నిండిన సెల్‌లోకి ఇంకా తోస్తే అది పాడవుతుంది, వెనకబడ్డ సెల్ వెనకే ఉంటుంది. మీ ఇన్వర్టర్‌కి కనపడేది నాలుగింటి మొత్తం ఒక్కటే. 14.4 చూసి "బాగుంది" అనుకుంటుంది, లోపల ఒకటి 3.9 దగ్గరా మిగతా మూడు 3.5 దగ్గరా ఉన్నా దానికి తెలియదు. ఒక్కో సెల్‌ని విడిగా చూసేది బీఎమ్‌ఎస్. అది లేకుండా పెట్టొద్దు. కారుకి వచ్చిన సొంత బీఎమ్‌ఎస్ దొరికినా మనకు పనికిరాదు, అది బండితో మాట్లాడాలని చూస్తుంది, బండి లేకపోతే అలిగి కూర్చుంటుంది. మీకు కావాల్సింది 4 సెల్స్‌కి, 100 ఆంపియర్ల, ఎల్ఎఫ్‌పీ అని రాసున్న బీఎమ్‌ఎస్. జేకే, డాలీ రకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, బ్లూటూత్ ఉన్నది తీసుకోండి, ఫోన్‌లో నాలుగు సెల్స్ వోల్టేజీలు కనపడుతుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మీ అదృష్టం కొద్దీ 4 సెల్స్ ఎల్ఎఫ్‌పీ మన 12 వోల్టుల ఇన్వర్టర్‌కి దాదాపు సరిపోతుంది. నిండుగా అంటే 14.6, ఇన్వర్టర్ 14.4 దాకా వెళ్తుంది. అదే ఆయన దగ్గరున్నది ఎన్ఎమ్‌సీ అనే ఇంకో లిథియం రకమైతే మూడు పెడితే 12.6 దగ్గరే నిండిపోతుంది, నాలుగు పెడితే 16.8 కావాలి, ఏదీ కుదరదు. అందుకే స్టిక్కరు మీద ఏముందో చూడకుండా కొనొద్దు. ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే ఉన్న బ్యాటరీ మోడ్‌లలో ఒక్కోదానికి ఒక్కో వోల్టేజీ ఉంటుంది, బ్యాటరీ దగ్గర మీరే మీటరు పెట్టి ఒక పూట గమనించి 14.4 దాటని మోడ్ ఎంచుకోండి. ఈక్వలైజేషన్ అనేది, అంటే వెనకబడ్డ సెల్‌ని లాగడానికి పెట్టే ఆ ఎక్కువ ఛార్జ్, ఎక్కడున్నా ఆపెయ్యాలి.

అందరికీ తగిలే ఇంకో దెబ్బ చెప్తాను. కరెంటు లేనప్పుడు బీఎమ్‌ఎస్ ముందు కట్ అయిందనుకోండి, ఇన్వర్టర్‌కి అసలు బ్యాటరీయే కనపడదు. కరెంటు వచ్చాక కూడా చాలా ఇన్వర్టర్లు "బ్యాటరీ లేదు" అనుకుని ఛార్జింగే మొదలుపెట్టవు. మీరేమో నిండి ఉందనుకుంటారు. కాబట్టి ముందు ఆగాల్సింది ఇన్వర్టర్. అది 10.5 దగ్గర ఆగుతుందంటే సెల్‌కు 2.62, బీఎమ్‌ఎస్‌ని 2.5 దగ్గర పెట్టండి. కానీ ఒక సెల్ బలహీనంగా ఉంటే అదే ముందు 2.5కి దిగి మళ్లీ మొదటికొస్తుంది. పాకాల ఆయన 41 మాడ్యూల్ ఇంటికి ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక మీ లోడ్. పాత ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు, నాలుగు 300. లైట్లు, వైఫై, ల్యాప్‌టాప్ ఇంకో 110. ఇన్వర్టర్ మింగేది కలిపితే బ్యాటరీ నుంచి 480 దాకా పోతుంది. మాడ్యూల్ 80 ఏహెచ్ ఇస్తుందనుకుంటే వెయ్యి వాట్ అవర్లు, మీకు రెండు గంటలు. సరిగ్గా మీరడిగినదే. కానీ ఆ ఫ్యాన్లు మార్చి బీఎల్‌డీసీవి పెడితే ఒక్కోటి 30 వాట్లే, మొత్తం 270కి దిగుతుంది, అదే మాడ్యూల్ మూడున్నర గంటల పైనే వస్తుంది. రెండో మాడ్యూల్ కొనే డబ్బుతో ఫ్యాన్లు కొనమంటాను నేను. ఫ్యాన్ పొగ కక్కదు, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

చిత్తూరు టీచరు:

తమ్ముడూ, అందరూ సెల్స్ గురించి చెప్పారు, ఎక్కడ పెడతావో ఎవరూ అడగలేదు. మన ఇళ్లల్లో ఇన్వర్టర్ ఎప్పుడూ మెట్ల కిందో, గుమ్మం పక్కనో ఉంటుంది. లెడ్ బ్యాటరీకి చెల్లింది. కానీ మంట వస్తే మీరు బయటికి పరిగెత్తాల్సిన దారి అదే. బాల్కనీలోనో వెనక వరండాలోనో పెట్టండి, నీడ ఉండాలి, వాన పడకూడదు. మేడ మీద రేకుల షెడ్డు మాత్రం వద్దు, మన మే నెల ఎండకి ఆ రేకు కింద కూర్చుంటే మనుషులమే ఉడికిపోతాం, సెల్స్ వయసు బాగా పడిపోతుంది. కింద సిమెంటు గచ్చు, చుట్టూ చెక్క, అట్టపెట్టెలు, పాత పేపర్లు లేకుండా చూసుకో.

ఎల్ఎఫ్‌పీ అంటుకోదు అని యూట్యూబ్‌లో మేకులు కొట్టి చూపిస్తారు. తొందరగా అంటుకోదు, అంతవరకే నిజం. లోపల షార్టయితే అదీ తెల్లటి పొగ కక్కుతుంది, ఆ పొగ మండే గ్యాసు, విషం కూడా, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. మూసిన గదిలో నిండితే చిన్న నిప్పురవ్వ చాలు. పొగ కనపడితే ఆర్పే ప్రయత్నం చేయకుండా పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి 101కి ఫోన్ చెయ్యి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి, ఇన్వర్టర్ దగ్గర కాదు. ఇంట్లో వాడే మామూలు ఏసీ ఎమ్‌సీబీ పెడతారు చాలామంది. అది డీసీ కోసం చేసింది కాదు, తెగేటప్పుడు వచ్చే మెరుపు (ఆర్క్) డీసీలో సరిగా ఆరక లోపలే కాలిపోవచ్చు. ఒక్క 12 వోల్టుల మాడ్యూల్‌కి కారు ఆడియో సామాన్ల దగ్గర దొరికే ఏఎన్‌ఎల్ ఫ్యూజు 100 ఆంపియర్లది సరిపోతుంది. రేపు నాలుగు వరసగా కలిపి 48కి వెళ్తే అది చాలదు, క్లాస్ టీ రకం తెచ్చుకోవాలి. కేబులు 25 స్క్వేర్ ఎమ్‌ఎమ్, దాని చివర్లకి లగ్గులు ప్రెస్ చేయించు, సుత్తితో కొట్టిన లగ్గు వేడెక్కుతుంది.

మిగతావి ఫ్రెండ్స్‌కి అమ్ముతానన్నావు చూడు, ఇప్పుడు మానేశావులే, అయినా చెప్తాను. 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. అంతకు ముందు 2001 నాటి నియమాలు లెడ్ యాసిడ్‌కే, ఇవి లిథియంతో సహా అన్నిటికీ. పాత బ్యాటరీలు బాగుచేసి అమ్మేవాళ్లు రీఫర్బిషర్‌గా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి. మనం వాడి పారేసేటప్పుడు కూడా చెత్తబండిలో వేయకూడదు, రీసైక్లింగ్‌కి తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఆయన బిల్లు ఇస్తాడేమో అడుగు. ఇవ్వనంటే ఆ మాడ్యూల్ ఎక్కడిదో నీకే ఒక ఐడియా వస్తుంది. తెచ్చుకునేటప్పుడు బస్సులో వేసుకోకు, బోల్టులకి టోపీలు పెట్టి, టేపు చుట్టి సొంత బండిలో తెచ్చుకో.

కొర్లగుంట కుర్రోడు:

రెండు వారాల తర్వాత వస్తున్నా, సారీ. అన్నీ చదివి, నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లా.

స్కేలు తీయగానే ఆయన ముఖం మారింది. 12లో నాలుగింటికి బొజ్జ ఉంది, ఒకదానికైతే టార్చి కూడా అక్కర్లేదు, ఊరికే కనపడతా ఉంది. ఇంకో మూడింటికి సాకెట్ పిన్నుల మీద పచ్చటి పొడి, పక్కన ప్లాస్టిక్ మీద మామ చెప్పినట్టే వేలెడు ఎత్తున మట్టి గీత. "ఇవి నీళ్లల్లో మునిగినవా అన్నా?" అంటే "కడిగాం తమ్ముడూ, శుభ్రంగా కడిగి ఎండబెట్టాం" అన్నాడు. కడిగాడంట! మిగిలిన ఐదింటిలో రెండింటి స్టిక్కర్లు చించేసి ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. మూడింటిలో ఒకటి ఎంచుకున్నా, బయటి ప్లేటుకి పెడితే అంకె జారిపోయింది, నాలుగు సెల్స్ మధ్య తేడా 4 మిల్లీ వోల్టులే. టెస్టులో 75 ఏహెచ్ కంటే తక్కువొస్తే వెనక్కి తీసుకోవాలని అడిగితే ముందు నవ్వాడు, తర్వాత "ఒక్కటే కాబట్టి సరే, వారంలో చెప్పు" అన్నాడు. 9 వేలే తీసుకున్నాడు, తగ్గించలేదు. బిల్లు తెల్ల కాగితం మీద రాసిచ్చాడు.

బీఎమ్‌ఎస్ 3,400, ఫ్యూజు, కేబులు, లగ్గులు కలిపి ఇంకో 2 వేల చిల్లర. ఇంట్లో ఈ మొత్తం చెప్తే మా ఆవిడ "దీనికి ఇంకొంచెం వేస్తే కొత్త ట్యూబులరే వచ్చేది కదా" అంది. నా దగ్గర సమాధానం లేదు.

బల్బుల చెక్క చేశా, ఫోటో పెట్టను, నవ్వుతారు. 86 ఏహెచ్ వచ్చింది!! మొదటిసారి 84, మళ్లీ నింపి చేస్తే 86. ఇప్పుడు నిండుగా ఛార్జ్ చేసి, ఒక పూట ఆగనిచ్చి, బీఎమ్‌ఎస్ విప్పేసి ఏమీ తగిలించకుండా బాల్కనీలో పెట్టా, తనంతట తాను దిగిపోతుందేమో చూద్దామని. మొదటి రోజు నాలుగూ 3.334, 3.334, 3.333, 3.333. ఈరోజుకి తొమ్మిది రోజులు: 3.331, 3.331, 3.330, 3.326. నాలుగోది దిగతా ఉంది కదా? ఇన్వర్టర్‌కి తగిలించమంటారా, ఆయనకి ఫోన్ చేయమంటారా? వారం దాటిపోయింది కూడా.

మల్టీమీటర్ మామ:

86 అంటే నీది లాటరీయే. మొదటి రోజు కొలిచింది ఏ టైముకి? ఈరోజు ఏ టైముకి? మీటరు అదేనా?

కొర్లగుంట కుర్రోడు:

మీటరు అదే. మొదటి రోజు పొద్దున ఆరుకి, ఈరోజు మధ్యాహ్నం మూడుకి. నాలుగో సెల్ వైపు ఎండ పడతా ఉంది.

మల్టీమీటర్ మామ:

ముందు దాన్ని నీడకి జరుపు. రేపు పొద్దున ఆరుకి కొలిచి ఇక్కడ పెట్టు. ఎండ తగిలింది కాబట్టి ఈరోజు అంకె లెక్కలోకి రాదు. నెల నిండేదాకా తగిలించకు. రోజూ కొలవకు, వారానికి ఒకసారి చాలు, ఆరింటికే.

ఫోను లోంచే:

నెల రోజులు మెట్ల మీదేనా పాపం.

కొర్లగుంట కుర్రోడు:

ఫ్యాన్లు ఆర్డర్ పెట్టా. ముందు రెండు.